ఒంటికాలి బేస్ గిటార్

మా అక్క మోటారుసైకిళ్ళకి సీట్లు కుడుతుంది. ఊళ్ళో సగంమంది ఆవిడ కుట్టిన సీట్ల మీదే తిరుగుతుంటారు, ఒక్కడికీ ఆ సంగతి తెలీదు. సీటు బాగుంటే మనిషి దాన్ని మర్చిపోతాడు. బాగోకపోతేనే కుట్టినవాళ్ళు గుర్తొస్తారు, అదీ తిట్టడానికి. రోజంతా మిషన్ మీద వంగి, ముక్కూమొహం తెలీనివాళ్ళ పిర్రలకి సుఖం కుట్టి, సాయంత్రం తన నడుం తను పట్టుకుని ఇంటికొస్తుంది. ఇదేం న్యాయం అని నేనడిగితే, న్యాయం సంగతి రేపు చూద్దాం, ముందు ఆ సూదిలో దారం ఎక్కించు అంటుంది.

పుస్తకాలు చదివి నేను పాడైపోయానని ఆవిడ నమ్మకం. కూల్చేసిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ అమ్మే యార్డులో నా పని. ఇళ్ళతోపాటు ఒక్కోసారి బీరువాల్లో మిగిలిపోయిన పుస్తకాలూ వస్తాయి. కొనేవాడు ఉండడు కాబట్టి నేను చదువుతాను. సీట్లు కుట్టేవాళ్ళ గురించి వాటిలో ఎక్కడా ఒక్క వాక్యం కనపడలేదు.

అక్కకి బేస్ గిటార్ పిచ్చి అంటుకుంది కూడా ఆవిడ సీట్లు కుట్టే షాపులోనే. హోటళ్ళలో వాయించే ఒక బ్యాండు తాలూకు కీబోర్డ్ మాస్టారు ఒకరోజు బేస్ గిటార్ పట్టుకొచ్చి, దీనికి లోపల ఫోమ్ పెట్టి దళసరి సంచీ కుట్టాలన్నాడు. కొలతలు తీస్తూ అక్క అన్నిటికన్నా లావుపాటి తీగని ఊరికే ఒకసారి లాగిందట. గిటార్ పొట్టకి ఆని ఉంది. స్పీకర్ లేదు, కరెంటు లేదు, అయినా ఆ మోత చెవులకన్నా ముందు కడుపులో వినపడిందట. సంచీ ఆలస్యమైంది. కావాలనే ఆలస్యం చేసిందని షాపు ఓనరుకి ఇప్పటికీ అనుమానం.

ఆ గిటార్ వాయించే ముసలాయన వేళ్ళు పట్టేస్తున్నాయని బ్యాండు మానేస్తూ, ఈ పిచ్చిదానికి కొన్నాళ్ళు పాఠం చెప్పి, గిటార్ని సంచీతో సహా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఏళ్ళ తరబడి అక్క సొంతంగా నేర్చుకుంది. మా బావ బేకరీలో పొయ్యి దగ్గర రాత్రిళ్ళు పనిచేస్తాడు, పగలు పడుకుంటాడు. ఆయన నిద్ర చెడకుండా గిటార్ చెక్కని దవడకి ఆనించుకుని, ఆ ఎముకలోంచి వింటూ వాయించేది. చూసేవాళ్ళకి పన్నునొప్పితో బాధపడుతున్నట్టు ఉండేది. ఎలాగైతేనేం, చివరికి కీబోర్డ్ మాస్టారే ఆవిణ్ణి బ్యాండులోకి తీసుకున్నాడు. శనివారం సాయంత్రాలు హోటల్ హాల్లో అక్క నిలబడి వాయిస్తుంటే వెనక తలుపు దగ్గర నించుని చూసేవాణ్ణి. షాపులో వంగి వంగి ఉండే మనిషి అక్కడ నిటారుగా ఉండేది. ఎవరినీ చూసేది కాదు, నవ్వేది కాదు. కానీ ఆవిడ ఆపితే పాట మొత్తం కూలబడుతుందని వింటుంటే తెలిసేది.

మొన్న వానాకాలంలో ఆవిడ ఎక్కిన బస్సు ఒక లారీని తప్పించబోయి సడన్ బ్రేకు వేసింది. పట్టుకోడానికి అక్కకి చేతులు ఖాళీ లేవు, రెండు చేతుల్లోనూ గిటార్ ఉంది. ఎడమవైపు మెడకీ భుజానికీ మధ్యనున్న ఎముక విరిగింది. కింద పడ్డ గిటార్ చెక్క నిలువునా రెండైంది. చెక్కలోంచి బారుగా సాగే గిటార్ మెడా, తీగలూ, తీగల కింద ఉండే అయస్కాంతాల డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు.

ఎముక వంకరగా అతుక్కుంది. ఆ భుజం మీద ఇక బరువు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెడితే మళ్ళీ అక్కడే విరుగుతుందట, ఈసారి అతుక్కోవడం కష్టమట. బేస్ గిటార్ ఏమో ఎడమ భుజం మీద పట్టీతోనే వేలాడాలి. లోకంలో దొరికే గిటార్లన్నీ అలాగే చేస్తారు. రెండు భుజాలూ సరిగ్గా ఉన్నవాళ్ళని మనసులో పెట్టుకునే లోకం అన్నీ చేస్తుంది, అది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు.

అక్క ఇంట్లో పడుకున్న నెలల్లో కీబోర్డ్ మాస్టారు తన మేనల్లుణ్ణి తెచ్చి ఆ చోట్లో నిలబెట్టాడు. అక్క వెళ్ళి కూర్చుని వాయిస్తానంది. హోటల్ వాళ్ళు ఒప్పుకోరన్నాడు. బ్యాండు మొత్తం నిలబడాల్సిందే, కూర్చుంటే ఆస్పత్రిలా కనిపిస్తుందట. ఆ మాట ఆయనదో హోటల్ వాళ్ళదో నాకు తెలీదు. అక్క కదలకుండా నిలబడే ఉంది. చివరికి విసుగొచ్చి ఒక మాట ఇచ్చాడు. హోటల్లో కొత్త హాలు తెరిచే శనివారం రోజున వచ్చి, మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా నిలబడి వాయిస్తే చోటు ఆవిడది. మధ్యలో ఆపితే మేనల్లుడు ఎక్కుతాడు, ఇక ఎప్పటికీ దిగడు.

ఈ మాట వినగానే బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. కట్టు ఉన్నన్నాళ్ళూ అక్కకి జడ వేసింది ఆయనే. పిండి పిసికే చేతులతో మొదట్లో తాడు పేనినట్టు వేసేవాడు, పోనుపోను బాగానే కుదిరింది. అరిచే మనిషి కాదు. "ఆ ఎముక మళ్ళీ విరిగితే నీ జడ నేనెన్నేళ్ళు వెయ్యాలి?" అని మాత్రం అడిగాడు. అక్క గిటార్ మెడ తీసి తుడవడం మొదలుపెట్టింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు నా ద్వారానే నడిచాయి. ఉప్పు తక్కువైందని చెప్పు బావమరిదీ అనేవాడు, మీ బావకి డబ్బా పక్కనే ఉందని చెప్పు అనేది.

భుజంతో పనిలేని గిటార్ చెక్క తనే తయారు చేసుకోవాలని అక్క నిశ్చయించుకుంది. షాపులో సీటుకి ఫోమ్ కోసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఫోమ్ మీద సుద్దపొడి చల్లి, దాని మీద పాత బట్ట పరిచి బండి మనిషిని కూర్చోబెడతారు. లేచాక బట్టకి సుద్ద ఎక్కడ అంటుకుందో అక్కడ ఒళ్ళు ఒత్తుకుంటోందన్నమాట, అక్కడ ఫోమ్ తగ్గిస్తారు. అక్క ఆ పద్ధతే తన ఒంటి మీద ప్రయోగించింది. గిటార్ మందంలో ఫోమ్ దిమ్మ కోసి, సుద్ద చల్లి, నడుముకి ఆనించుకుని గంటలకొద్దీ అద్దం ముందు నిలబడేది. ఆనక చీర మీద ఎక్కడ తెల్లబడిందో చూసుకుని ఫోమ్ చెక్కేది. తుంటి ఎముక తగిలేచోట లోతుగా ఒక వంపు వచ్చింది. కుడి మోచెయ్యి ఆనే అంచు ఏటవాలైంది.

బరువు తుంటి మీదకి తేవడం కుదిరింది గానీ గిటార్ మెడ నిలవలేదు. ఫోమ్ దిమ్మకి అసలు మెడని కట్టి చూస్తే, ఎడమచెయ్యి తియ్యగానే బారుగా నేలకి వాలిపోయేది. దాన్ని చేత్తో మొయ్యాలంటే మళ్ళీ ఆ భుజమే. ఒకరోజు షాపు ముందు వరసగా నిలిపిన బళ్ళని చూస్తూ టీ తాగుతోంది. ప్రతి బండీ ఎడమపక్కకి ఒరిగి, ఒక ఇనపకాలి మీద తాపీగా నిలబడి ఉంది. గ్లాసు కింద పెట్టేసి లోపలికెళ్ళింది.

గిటార్‌కి అలా కాలు వచ్చింది. చెక్క కింది అంచున, మెడ అతికే చోటుకి దగ్గరగా, జానెడు పొడుగున కిందికి దిగే కాలు. నడుముకి వెడల్పాటి తోలు బెల్టు, దానికి ఎడమపక్క గట్టి తోలుతో కుట్టిన గిన్నెలాంటి జేబు. కాలు ఆ జేబులో దిగుతుంది, మెడ బరువంతా అది మోస్తుంది. కుడి భుజం మీదుగా ఒక పల్చటి పట్టీ ఉన్నా, అది ముందుకి పడకుండా పట్టుకోడానికే. సీట్లకి కోసినట్టే అట్ట మీద ఆ ఆకారం గీసి కత్తిరించింది. కీబోర్డ్ మాస్టారు అటుగా వచ్చి ఆ అట్ట చూసి, ఇది గిటారా, ఎలుక కొరికిన వంకాయా అన్నాడు. షాపు కుర్రాళ్ళంతా పడీపడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నాకే ఒళ్ళు మండిపోయింది.

చెక్క నేను తెచ్చాను. మా యార్డుకి వచ్చిన ఒక పాత పనిబల్ల పైపలక, తేలికైన చెక్క, ఏళ్ళ తరబడి ఎండి వేలితో కొడితే గంటలా పలికేది. అంత మందంలో అంత తేలిక చెక్క మళ్ళీ దొరకదని నాకు తెలుసు. ఒకవైపు నున్నగా తేనెరంగులో ఉంది. రెండోవైపు కాలిన మచ్చలు, మేకుల గుంటలు. అక్క నున్నటి వైపు అట్ట పెట్టి, సుద్దతో గీతలు గీసి, ఎదురు కొట్టులో ఉండే వడ్రంగికి ఇచ్చింది. ఆయన్ని మేమందరం బాబాయ్ అంటాం. అంచు కోశాడు, మెడ దిగేందుకు గాడి తీశాడు, అయస్కాంతాల డబ్బాకి గుంట తవ్వాడు. గురువారం మధ్యాహ్నం చెక్క అక్క చేతికొచ్చింది. కొత్త హాలు తెరిచేది ఎల్లుండి.

షాపులో అందరూ చుట్టూ మూగారు. అక్క గిటార్ మెడని గాడిలో పెట్టింది. పిసరంత ఖాళీ లేకుండా దిగింది. ఎత్తి నడుముకి ఆనించుకుంది.

కాలు కిందికి లేదు. పైకి ఉంది. నిక్కబొడుచుకుని గడ్డం కిందికి వచ్చింది.

ఒకడు నవ్వబోయి అక్క మొహం చూసి ఆగిపోయాడు. వడ్రంగి బాబాయ్ ముందుగానే చేతులు దులిపేసుకున్నాడు. గీసింది నువ్వు, కోసింది నేను, గీత దాటానా అని అడిగాడు. దాటలేదు. అక్క అట్ట తీసి చెక్క మీద పెట్టింది. సరిపోలేదు. తిప్పి పెట్టింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. గురువు గారి ముందు తప్పు వాయించిన పిల్లలా కాసేపు అట్టనే చూస్తూ కూర్చుంది. తర్వాత ఏమనుకుందో, పక్కనున్న రెక్సిన్ చుట్టలోంచి ఒక ముక్క లాగి, దాని మీద అట్టని మామూలుగా వేసింది. వేశాక తన చేతి వంక చూసుకుంది.

అట్ట బోర్లా ఉంది.

రెక్సిన్‌కి మెరిసేవైపు గీతలు పెట్టకూడదు, పెడితే మరకలు పోవు. వెనక బట్టవైపు గీస్తారు. వెనకవైపు గీస్తున్నారు కాబట్టి అట్టని బోర్లా వేస్తారు. లేకపోతే ఎడమ ముక్క కుడి ముక్కవుతుంది. పన్నెండో ఏట నుంచి అక్క చేసింది ఆ పనే. అట్ట చేతిలోకి రాగానే చెయ్యి దాన్ని తిప్పేస్తుంది, అక్క తిప్పదు. నున్నటి మంచివైపు అట్ట బోర్లా పడింది, ఎడమ కుడైపోయింది.

నేను గుక్క తిప్పుకోకుండా తిట్టడం మొదలుపెట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలీదు, షాపుని, సీట్లని, బళ్ళ మీద తిరిగే జనాన్ని. అక్క నా వైపు చూడలేదు. ఈ చెక్కని తిరగేస్తే కాలు కిందికే వస్తుంది కదా బాబాయ్ అని మెల్లిగా అడిగింది. వస్తుంది, కానీ గాడి వెనక్కి పోతుంది అన్నాడాయన. ఇటు కూడా ఒక గాడీ, అయస్కాంతాలకి గుంటా తియ్యమంది.

"అటూ ఇటూ తొలిస్తే మధ్యలో ఏం మిగుల్తుందమ్మాయ్? అట్టముక్క. ఆ నాలుగు తీగలూ కలిసి ఒక మనిషి బరువు లాగుతాయి. ఫట్‌మని విరుగుతుంది."

అక్క దగ్గర దానికీ ఉపాయం ఉంది. వెనక గాడిలో చెక్క దిమ్మ కొట్టి జిగురుతో పూడ్చమంది. దాని మీద, సీటుని బండికి బిగించే మందపాటి ఇనపపట్టీ అడ్డంగా వేసి, దిమ్మనీ పలచబడ్డ చెక్కనీ గిటార్ మెడనీ కలిపి పొడుగాటి స్క్రూలతో బిగిస్తే లాగుడు ఆ పట్టీ పంచుకుంటుందని వాదించింది. బాబాయ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చేస్తాను గానీ, జిగురు ఆరడానికి సోమవారం దాకా తీగ కట్టొద్దన్నాడు. శనివారమే కట్టాలి బాబాయ్ అంది. అయితే నన్నడగొద్దు, విరిగితే నా పేరు చెప్పొద్దు అని చెక్క లాక్కుని పోయాడు.

శుక్రవారం అంతా ఆ చెక్క బిగింపుల మధ్య పడుకుని ఉంది. అక్క సీట్లు కుట్టింది. మధ్యమధ్య ఎదురు కొట్టుకి వెళ్ళి దిమ్మ అంచున జిగురు మీద గోరుతో నొక్కి చూసి వచ్చేది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా అన్నిసార్లు తొంగిచూడరని బాబాయ్ విసుక్కున్నాడు.

శనివారం మధ్యాహ్నం మా ఇంటి ముందుగదిలో తీగలు కట్టింది. నాలుగో తీగ బిగిస్తున్నప్పుడు గాడిలోంచి టిక్‌మని శబ్దం వచ్చింది. అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లోపలిగదిలో బావ మంచం కూడా కిర్రుమంది. మళ్ళీ శబ్దం రాలేదు. అక్క తీగలు బిగించే మరలు ఇంకో పావుచుట్టు తిప్పింది. గిటార్ మచ్చల మొహం పైకి పెట్టుకుని, ఒంటికాలి మీద, ఆవిడ తుంటికి అతుక్కుని నిలబడింది. ఎడమచెయ్యి వదిలేసింది. మెడ వాలలేదు. ఆ క్షణంలో నేను ఒప్పుకోక తప్పలేదు, ఆ వంకాయ ఆవిడ ఒంట్లోంచి మొలిచినట్టే ఉంది.

బయల్దేరబోతుంటే బావ లేచి వచ్చాడు. దువ్వెన తీసుకుని అక్క వెనక నించున్నాడు. ఎడమచెయ్యి పైకి లేవదు కాబట్టి తనంతట తను అల్లుకున్న జడ ఒకపక్కకి పోయి ఉంది. మొత్తం విప్పి మళ్ళీ వేశాడు. వేసినంతసేపూ ఇద్దరూ ఎదురుగా గోడనే చూస్తున్నారు.

కొత్త హాలు నిండా దీపాలు. మనుషులకన్నా కుర్చీలే ఖరీదుగా కనిపిస్తున్నాయి. బ్యాండుకి ఒక మూల ఎత్తు వేదిక. పక్కన తెర చాటున మేనల్లుడు ఎర్రగా మెరిసే తన గిటార్ భుజాన తగిలించుకునే నిలబడ్డాడు, పిలిస్తే ఒక్క అడుగులో ఎక్కేలా. నేను వాడి పక్కనే చోటు చూసుకున్నాను. వాడు పలకరించాడు. నేను పలకలేదు.

హోటల్ మేనేజరు అక్క నడుముకున్న దాన్ని చూసి మాస్టారి చెవిలో ఏదో గొణిగాడు. మాస్టారు భుజాలెగరేశాడు. మొదలుపెట్టారు.

మొదటి పాటలన్నీ బాగా నడిచాయి. అక్క పాదాలు వెడల్పుగా పెట్టి, నడుముతో గిటార్ని మోస్తూ, వాయించేటప్పుడు ఎప్పుడూ ఉండే ఆ రాయిలాంటి మొహంతో వాయిస్తోంది. ఎడమ భుజం ఖాళీగా ఉంది. మోత నేల మీంచి నా అరికాళ్ళలోకి వస్తోంది.

సగం దాటాక ఒక నెమ్మది పాటలో ఏదో తేడా తగిలింది. బేస్ స్వరం పిసరు కిందికి జారింది. అక్క ఎడమచెయ్యి చటుక్కున మర దగ్గరికి పోయి సరిచేసి వెనక్కొచ్చింది. కాసేపటికి మళ్ళీ జారింది. మళ్ళీ సరిచేసింది. మూడోసారి మర తిప్పబోయి ఆగి, మెడ అతికిన చోటుకి బొటనవేలు పోనిచ్చి తడిమింది. గిటార్ మెడ గాడిలోంచి లేస్తోంది. తీగలు బిగించేకొద్దీ ఇంకా లేస్తుంది, బిగించకపోతే అపస్వరం. మాస్టారికి కూడా తెలిసిపోయింది. కీబోర్డ్ మీంచి తల తిప్పి తెర వైపు చూశాడు. మేనల్లుడు గిటార్‌కి వైరు గుచ్చుకున్నాడు.

పాట అయిపోయింది. మాస్టారు అక్క వైపు చూసి కనుబొమలెగరేశాడు. అక్క అడ్డంగా తలూపింది. మాస్టారు ఇంకోసారి తెర వైపు చూసి, ఏమనుకున్నాడో, మైకు తీసుకుని వచ్చినవాళ్ళకి హాలు గొప్పదనం చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మాట్లాడినంతసేపే అక్కకి ఉన్న సమయం. ఆవిడ గిటార్ మెడని దవడకి ఆనించుకుని, స్పీకర్ కట్టేసి, నాలుగు మరల్నీ ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తిప్పింది. సరిచేయడానికి ముందుకి తిప్పాలని నాకు తెలుసు. వెనక్కి తిప్పుతోంది, తీగలు వదులు చేస్తోంది. ఇక ఆపేస్తోందని అనుకున్నాను. నా పక్కన మేనల్లుడు కూడా అదే అనుకుని ఒక కాలు వేదిక మీద పెట్టాడు.

మాస్టారు మాట ముగించి కీబోర్డ్ మీద వేళ్ళు వేశాడు. అక్క అందుకుంది. స్వరం తప్పలేదు.

మేనల్లుడు కాలు వెనక్కి తీసుకున్నాడు. మెడ చాచి అక్క వేళ్ళనే చూస్తున్నాడు. పాట సగంలో, నాతో కాదు, తనలో తను అన్నట్టు అన్నాడు.

"తీగలన్నీ దించేసింది. లాగుడు తగ్గడానికి. అన్నీ రెండు మెట్లు పైకి జరిపి వాయిస్తోంది."

అంటే ఏంటని అడిగాను. వాడితో నేనన్న మొదటి మాట అదే. ఏళ్ళ తరబడి వేలికి అలవాటైన ప్రతి చోటూ ఇప్పుడు తప్పు చోటని, మెడ మీద అడ్డంగా ఉండే ఇనప మెట్లలో, ప్రతి స్వరానికీ చెయ్యి అలవాటుగా పోయేదాని మీద కాకుండా రెండు మెట్లు అవతల వెయ్యాలని చెప్పాడు. ఇంటికెళ్ళి కూర్చుని సాధన చేస్తే వస్తుందేమో, ఇలా నిలబడి, పాట మధ్యలో తనకైతే రాదన్నాడు. మొన్న గురువారం తన చేతి వంక అక్క చూసుకున్న చూపు నేను చూశాను. ఇప్పుడూ చేతినే చూస్తోంది, ఒక్క క్షణం కన్ను తియ్యకుండా. చెయ్యి పాత చోటుకి పోబోవడం, ఆవిడ దాన్ని ఆపి అవతలికి లాగడం ప్రతిసారీ కనిపిస్తోంది. జడ కింద మెడ వెనక చెమట ధార కడుతోంది. ఒకచోట వేలు జారింది. పాత మెట్టు మీద పడబోయి, గాల్లోనే తప్పుకుని, అరక్షణం ఆలస్యంగా సరైన చోట పడింది. డ్రమ్స్ వాడు ఉలిక్కిపడి చూశాడు. మాస్టారు చూడలేదు.

అలా ఆఖరి పాట దాకా వెళ్ళింది. ఆ పాటలు ఏమిటో అడిగితే నేను చెప్పలేను.

చప్పట్లు అవుతుండగానే అక్క వేదిక పక్కన కూలబడినట్టు కూర్చుంది. గిటార్ ఒళ్ళో బోర్లా పెట్టుకుని తీగలు పూర్తిగా వదులు చేసింది. మాస్టారు వచ్చి, మధ్యలో ఆ స్వరం జారడం ఏంటని అడిగాడు. అక్క గిటార్ తిప్పి చూపించింది. గాడి మూల నుంచి కాలి మొదలు దాకా సన్నటి పగులు, గోరు దూరేంత. ఆయన వంగి దాని మీద వేలు రాశాడు. వేలు అక్కడే ఉంచేశాడు.

"ఇలా ఉందని ముందే చెప్తే మావాణ్ణి ఎక్కించేవాణ్ణి కదా?"

"అందుకే చెప్పలేదు మాస్టారూ."

మేనల్లుడు ముందే తన గిటార్ వైరు చుట్టేస్తున్నాడు. మాస్టారు వాడి వైపు చూసి, అక్క వైపు చూసి, వచ్చే శనివారం కాస్త ముందు రమ్మన్నాడు, హోటల్ వాళ్ళు ఇంకో నాలుగు పాటలు అడుగుతున్నారట. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, మేనేజరు నీ వంకాయ ఏ దేశం నుంచి తెప్పించావని అడిగాడమ్మాయ్ అని చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ.

అక్క బెల్టు విప్పబోయింది, చెమట వేళ్ళకి బకిల్ జారిపోయింది. నేను విప్పాను. ఎడమ భుజం నొప్పిగా ఉందా అని అడిగితే, భుజం సంగతే గుర్తులేదంది. పగిలిన చెక్కని అటూ ఇటూ తిప్పి చూసి, కాలి మొదట్లో ఇంకో వేలెడు వెడల్పు ఉంచాల్సిందని గొణుక్కుంది. తర్వాత తలెత్తింది.

"సోమవారం మీ యార్డులో బల్లలేమైనా దిగుతాయేమో చూడరా. రెండు పలకలు అతికించినా సరే, శుక్రవారానికి జిగురు ఆరిపోవాలి."